ఆడచెప్పుకు నోరు

ఆ ఎండాకాలం మా ఇంట్లో ఏం జరిగిందో మా వాడలో ఎవరినడిగినా చెబుతారు. కోడలు మామ మాట తోసేసిందంటారు. శ్రీపత్‌రావు లాంటి సావుకారుతో పెట్టుకుని ఇంటిల్లిపాది కడుపు కొట్టిందంటారు. ఆ కోడల్ని నేనే. పేరు శేవంతా. వాళ్లు చెప్పింది విన్నారు కాబట్టి నేను చెప్పేదీ వినండి.

మాది కొల్హాపూర్‌లో చెప్పులు కుట్టే ఇల్లు. మామ దౌలూ తోలు కోస్తాడు. మా ఆయన దినకర్ చెప్పు అడుగు అట్టలు కలిపి కుడతాడు. మా అత్త అక్కాతాయి, నేను పైపట్టీలకు జడలు అల్లుతాం, జరీ కుచ్చులు కడతాం. హోళీ వెళ్లిన వారానికి ఒక మధ్యాహ్నం, ఎర్రంచు నూలు చీర కట్టుకున్న నడివయసు ఆవిడ మా గుమ్మం ముందు ఆగింది.

"దౌలూ అప్పా ఇల్లు ఇదేనా?"

"ఇదే. రండి బాయీ. ఆడ చెప్పులు మా కోడలు చూపిస్తుంది, లోపలికెళ్లండి" అన్నాడు మామ తల ఎత్తకుండానే.

"ఆడ చెప్పులు వద్దప్పా. మోగేవి కావాలి."

"మీ ఆయనకా? కొలత తెచ్చారా?"

"కొలత నా కాలికే ఉంది. నాకే కావాలి."

మామ చేతిలో తోలు కోసే రంపె ఆగిపోయింది.

మగవాళ్ల చెప్పుల్లో రెండు అట్టల మధ్య తేలుకొండి గింజలు పెట్టి కుడతాం. నల్లగా, ముక్కున్న గింజలవి. తోలు ఆరేకొద్దీ, అడుగు పడినప్పుడల్లా కర్రు కర్రుమని మోగుతుంది. పహిల్వాన్లు, ఊరి పెద్దలైన పాటిళ్లు, పెళ్లికొడుకులు ఆ మోతకే డబ్బిస్తారు. ఎంత మోగితే అంత ధర. ఆడవాళ్ల చెప్పులో గింజ పెట్టకూడదని మాకెవరూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమే ఎవరికీ రాలేదు.

"నేను హిర్వేవాడి సర్పంచ్‌ని. అనుసయా కాంబళే" అందావిడ, అరుగు మీద కూర్చుంటూ. "ఈసారి మా ఊరి కుర్చీ ఆడవాళ్లకి రాసిపెట్టారు కదా. నాకు ముందు అణ్ణాసాహెబ్ ఉండేవాడు. ఆయన మలుపు తిరుగుతుంటేనే చెప్పులు మోగేవి. లోపలున్న వాళ్లంతా బీడీలు నలిపేసి లేచి నిలబడేవాళ్లు. నేను వెళ్లి కుర్చీ పక్కన నిలబడ్డా ఎవరూ చూడరు. దగ్గితే చూస్తారు. రోజూ ఎంతని దగ్గను? క్షయ అనుకుంటారు."

లోపల అక్కాతాయి కిసుక్కున నవ్వింది. మామ నవ్వలేదు.

"అణ్ణాసాహెబ్ చెప్పులు కుట్టింది ఈ చేతులే" అన్నాడు.

"అయితే ఆ మోత నువ్వు పుట్టించిందే కదప్పా. ఆయనకిచ్చావు. నాకెందుకివ్వవు?"

"మేం కాళ్లకి చెప్పులు కుట్టేవాళ్లం బాయీ, తగాదాలకి కాదు. ఆడమనిషి అలా మోగించుకుంటూ నడిస్తే రేపు మీ ఊరోళ్లు వచ్చి నా మీద పడతారు. పోనీ, మంచి జరీ జత ఇస్తాను, తీసుకోండి."

అనుసయాబాయి లేచి చీర దులుపుకుంది. "జరీ జత ఇంట్లో ఉంది" అని మెట్లు దిగిపోయింది.

నేను నీళ్ల బిందె చంకనెత్తుకుని వెనకే వెళ్లాను. సందు చివర ఆవిణ్ని ఆపి, గోడవార పాత పేపరు పరిచి, "కాలు పెట్టండి బాయీ" అన్నాను. ఎందుకు చేశావని తర్వాత చాలామంది అడిగారు. ఆవిడ దగ్గుతానని చెప్పింది చూడండి, అందుకు.

మొదటి జత మూగదే అయింది. ఆడ చెప్పులకు ఎప్పుడూ పొట్ట తోలే వాడతారు. వీపు తోలు మందం, గట్టి, అది మగవాళ్లకి పోతుంది. మామ, దినకర్ తోలు కొనడానికి వెళ్లినప్పుడు నేను పొట్ట తోలు కోసి గింజ పెట్టి కుట్టాను. మెత్తటి తోలు గింజని మింగేసి కూర్చుంది. ఎంత నడిచినా చప్పుడు లేదు. అట్ట విప్పి మళ్లీ కుడుతుంటే తోలుకి బెజ్జం వేసే ఆరె వేలిలో దిగింది. రక్తం చీరకి తుడుచుకుంటుండగా అత్త వెనక నిలబడి ఉంది.

"సర్పంచ్ బాయికేనా?"

 తలూపాను.

అక్కాతాయి లోపలికెళ్లి ఒక వీపు ముక్క తెచ్చి నా ముందు పడేసింది.

"అత్తీ, ఇది పహిల్వాన్ జతకని మామంజీ పక్కన పెట్టింది."

"ఆ పహిల్వాన్‌ది ఏనుగు పాదం. ఒక ముక్క తగ్గితే చచ్చిపోడులే." ఆమె నా పక్కన కూర్చుని అట్టని చేత్తో వంచి చూసింది. "గింజ మడమ కింద పెట్టావా? అది మగాడి నడక. వాడు మడమ మీద దిగుతాడు. ఆడది వేళ్ల మీద బరువేసి నడుస్తుంది, అలాగే కదా నేర్పారు మనకి. ఇదిగో, పాదం వంగే చోట పెట్టు."

అట్ట ఎండలో ఆరాక, వంటగదిలో తొడిగి నాలుగడుగులు వేశాను. కర్రుమంది. ఇద్దరం ఒకేసారి వీధి తలుపు వైపు చూశాం.

"పెద్దగా ఉందా?" అన్నాను.

"ఉంది."

"తగ్గించనా?"

అక్కాతాయి పొయ్యిలో కట్టె ఎగదోసింది. "ఉండనీ" అంది.

అనుసయాబాయికి జత చేరవేసి ఊపిరి పీల్చుకున్నాం. ఆవిడ మాత్రం ఊరుకునే రకం కాదు. కొద్ది రోజులకే మరో ఇద్దరు ఆడవాళ్లని వెంటేసుకుని మా సందులోకి వచ్చింది. రావడం మాకు ముందే తెలిసింది. మామ ఆ మోత విని, ఎవరో పెద్దమనిషి వస్తున్నాడనుకుని, భుజమ్మీది తువ్వాలు సర్దుకుని లేచాడు. గుమ్మంలో ఆవిణ్ని చూసి అలాగే నిలబడిపోయాడు.

"కూర్చో అప్పా, మా ఊరి గుమాస్తా కూడా ఇంతే" అందావిడ నవ్వుతూ. "మొదటి రోజు అందరూ నవ్వారు. రెండో రోజు కొందరే నవ్వారు. మొన్న గుమాస్తా ఏదో రాసుకుంటూ చెప్పుల చప్పుడు విని అణ్ణాసాహెబ్ అనుకుని దిగ్గున లేచాడు. తీరా చూస్తే నేను. లేచాక మళ్లీ కూర్చుంటే బాగోదు కదా, పాపం, వెళ్లి గోడ మీద కేలండరు సరిచేశాడు. నేను కూర్చునేదాకా సరిచేస్తూనే ఉన్నాడు."

వెంట వచ్చిన ఆడవాళ్లు పొట్ట పట్టుకుని నవ్వారు. ఆవిడ వాళ్లని చూపించి, "వీళ్లకీ కావాలట" అంది.

 వాళ్లు వెళ్లాక మామ, "ఇంట్లో నాకు తెలియకుండా తోలు కోశారన్నమాట" అన్నాడు.

"నేనే కోశాను" అంది అక్కాతాయి.

"నేను కుట్టాను" అన్నాను నేను.

ఆ రాత్రి నుంచి మామ గోడవైపు తిరిగి జొన్నరొట్టె తినడం మొదలుపెట్టాడు. మాతో మాటల్లేవు. కానీ ఇంటికొచ్చిన ఆ ఇద్దరి కొలతలు ఉన్న పేపరు చింపలేదు. చెప్పుల గూట్లోనే వదిలేశాడు. నేను దాన్నే అనుమతి అనుకున్నాను. అనుకోవడానికి ఎవరినీ అడగక్కర్లేదు కదా.

చైత్రమాసం గడిచేసరికి మా గుమ్మానికి ఆడవాళ్లు రావడం ఎక్కువైంది. లక్ష్మీపురి మార్కెట్లో కూరగాయలమ్మే ఆవిడ, ఒక పంతులమ్మ, చెరకు ఫ్యాక్టరీ దగ్గర క్యాంటీన్ నడిపే అక్కాచెల్లెళ్లు. తమాషా ఏమిటంటే, వాళ్లలో ఒక్కరూ మోగే చెప్పులు కావాలని నేరుగా అడగరు. "ఊరికే చూద్దామని వచ్చాను" అంటారు. మెత్తనివి, తేలికవి, రబ్బరు అట్టవి ఉన్నాయా అంటారు. నేను అన్నీ చూపించి, ఆఖర్న మోగే జత కూడా పక్కన పెడతాను. తొడిగి ఈ గోడ నుంచి ఆ గోడకి నడుస్తారు. మొదటి అడుగుకి నవ్వొస్తుంది. రెండో అడుగుకి సిగ్గేస్తుంది. గోడ దాకా వెళ్లి తిరిగొచ్చేటప్పుడు నవ్వూ ఉండదు, సిగ్గూ ఉండదు. మెడ నిటారుగా ఉంటుంది. ఆ తర్వాత రబ్బరు అట్ట సంగతి ఎవరూ ఎత్తరు.

అక్కడితో ఆగలేదు. జరీ కుచ్చు చూసి పంతులమ్మ మొహం చిట్లించింది.

"ఇదెందుకు వహినీ? కింద పులిలా మోగుతుంటే పైన పెళ్లికూతురిలా ఈ కుచ్చేమిటి? తీసెయ్."

తీసేశాను. కూరగాయలావిడ మడమ ఇంకో పొర మందం కావాలంది. క్యాంటీన్ అక్క, బొటనవేలు దూరే ఉంగటం వెడల్పుగా ఉండాలి, వేలు నొక్కితే నిలబడలేనంది. ఏళ్ల తరబడి మేం కుట్టిన ఇరుకు చెప్పుల్లో కాళ్లు పెట్టుకున్న ఆడవాళ్లే వీళ్లంతా. వేలు నొప్పని అంతకుముందు ఒక్కరూ అనలేదు. లోపల ఒక గింజ పెట్టేసరికి పైన చెప్పంతా మారిపోయింది, అడగడమూ వచ్చింది.

ఆసుపత్రి నర్సు ఒకామె రెండు జతలు తీసుకుంది. "వార్డులోకి మూగది, ఇంటికెళ్లేటప్పుడు ఇది" అంది. ఒక ముసలమ్మ ఎంతసేపూ బేరమాడకుండా, ఇంకా పెద్దగా మోగాలి, ఇంకా పెద్దగా అని మూడుసార్లు విప్పించి కుట్టించుకుంది.

"ఎందుకు ఆజీ అంత మోత?" అన్నాను.

"నేను వస్తున్నట్టు మా కోడళ్లకి తెలియాలి తల్లీ. నేను గుమ్మంలోకి వచ్చేసరికి నా గురించిన మాట అయిపోయి ఉండాలి. వినే ఓపిక లేదు నాకు."

ఇదంతా చూస్తూ దినకర్ మాత్రం గొణుగుతూనే ఉన్నాడు. మగ చెప్పులకు అట్టలు కుట్టే చేత్తో ఆడ అట్టలు కుట్టడం ఆయనకి నామోషీ. "వాడలో నన్ను ఆడచెప్పుల దినకర్ అంటున్నారు" అన్నాడు ఒకసారి. "మరి మగచెప్పుల శేవంతా అని నన్నెవరూ అనడం లేదేం?" అన్నాను. అలిగి టీ తాగకుండా వెళ్లిపోయాడు.

వైశాఖం ఎండల్లో శ్రీపత్‌రావు స్వయంగా వచ్చాడు. చప్పల్ లైన్‌లో ఆయనది పెద్ద దుకాణం. మా ఇంటి మగ సరుకంతా ఆయనే కొనేవాడు. మామ తన పీట ఇచ్చి నేలమీద కూర్చున్నాడు. నేను మజ్జిగ తెచ్చి పెట్టాను. సావుకారు గ్లాసు ముట్టుకోలేదు.

"దౌలూ, నా గిరాకీలు ఏమంటున్నారో తెలుసా? వెనక మోత విని, ఎవరో పెద్దమనిషని పక్కకి తప్పుకున్నారట. తిరిగి చూస్తే తల మీద వంకాయల బుట్టతో ఒక ఆడమనిషి. నిన్న ఒక పాటిల్, ఈ మోత నాకొద్దు, మామూలు చెప్పులివ్వు అన్నాడు. అర్థమవుతోందా నీకు?"

"అవుతోంది సావుకార్."

"కాలేదు. నువ్వమ్మేది తోలు కాదు. వస్తున్నవాడు మగాడు, పక్కకి తప్పుకో అనే మాట. దానికే జనం డబ్బులు పోస్తారు. ఆ మాటని నీ కోడలు చవక చేసి పారేసింది. ఆ ఆడ సరుకు ఆగేదాకా నీ మగ సరుకు నా దుకాణం మెట్లెక్కదు."

 ఆయన వెళ్లాక మజ్జిగ గ్లాసు మీద ఈగ వాలింది. మామ చాలా రోజుల తర్వాత నా వైపు తిరిగి మాట్లాడాడు.

"ఆపేయ్ సూన్‌బాయీ. ఇక చాలు."

"ఆపను మామంజీ."

ఆ మాట నా నోట్లోంచి అంత తేలిగ్గా వస్తుందని నేనూ అనుకోలేదు. దినకర్ అట్ట కింద పడేసి లేచాడు. "ఏమన్నావ్?"

"ఆపనన్నాను. ఆపాలంటే మీరే ఆపండి. రేపు లక్ష్మీపురి నుంచి కూరగాయలావిడ వస్తుంది. ఆవిడకి మీరే చెప్పండి, నీ అడుగు వినపడితే పాటిల్‌కి కష్టంగా ఉందట, మెల్లగా నడువు అని. నా నోటితో నేను చెప్పను."

"నోర్ముయ్ శేవంతా!"

"నేను మూసుకుంటాను. ఊళ్లోకి పోయిన చెప్పులు మూసుకుంటాయా?"

దినకర్ చెయ్యి లేచింది. అక్కాతాయి ఎప్పుడొచ్చిందో, లేచిన ఆ చేతిలో రొట్టె పళ్లెం పెట్టింది. "తిను, చల్లారిపోతుంది" అంది. ఆయన పళ్లెం పట్టుకుని అటూ ఇటూ చూసి, చేసేదేం లేక కూర్చున్నాడు. ఎవరైనా నవ్వి ఉంటే ఆ పూట ఏమయ్యేదో తెలీదు. ఎవరం నవ్వలేదు.

మామ ఏమీ తేల్చలేదు. సావుకారు మగ సరుకు మానేశాడు. నేను ఆడ సరుకు మానలేదు. కొత్త తోలు కోయడం మాత్రం మామ మానేశాడు. అరుగు మీద కూర్చుని ఉన్న పనిముట్లే మళ్లీ మళ్లీ నూరుకునేవాడు.

అప్పుడు ఒక జంట వచ్చింది.

మగమనిషి ముందు, ఆవిడ నాలుగు అడుగులు వెనక. ఆవిడ చెప్పులు ఆయన చేతిలో ఉన్నాయి. ఆవిడ ఉత్త కాళ్లతో ఉంది. మిట్టమధ్యాహ్నం, కింద రాళ్లు కాలుతున్నాయి. ఆవిడ కాలు మార్చి కాలు వేస్తూ నిలబడింది. ఆవిణ్ని నేను గుర్తుపట్టాను. కిందటి వారమే వచ్చి, గోడ నుంచి గోడకి నాలుగుసార్లు నడిచి, ఐదోసారి ఊరికే ఇంకోసారి నడవనా అని అడిగిన మనిషి.

"ఇందులో గింజ తీసెయ్" అన్నాడాయన, జత మామ ముందు పడేసి.

"అవి ఆవిడవి. తీయమని ఆవిణ్ని చెప్పమనండి" అన్నాను గుమ్మంలోంచి.

ఆయన నన్ను చూడలేదు. వెనక్కి కూడా తిరగలేదు. "చెప్పు" అన్నాడు, ఎదురుగా ఉన్న గోడతో చెప్పినట్టు.

"తీసెయ్యండి" అంది ఆవిడ.  సంతలో ఉప్పు అడిగినట్టు అడిగింది.

నేను ముందుకు రాబోయాను. మామ నన్ను చేత్తో ఆపి చెప్పులు తనే తీసుకున్నాడు. రంపె మొనతో పక్కకుట్టు విప్పాడు. అట్టల మధ్య నుంచి గింజలు తీసి నేలమీద పెట్టాడు. మళ్లీ తోలు వారు ఎక్కించి కుట్టడం మొదలుపెట్టాడు. ఎంత నిదానంగా కుట్టాడంటే, ఎండలో నిలబడలేక ఆవిడ మొగుడు బీడీ ముట్టించుకుని ఎదురుగా ఉన్న నీడలోకి వెళ్లిపోయాడు. ఆయన అటు వెళ్లగానే ఆవిడ వంగింది. చెప్పులకి కాదు. నేలమీది గింజలు ఏరుకుని కొంగు చివర ముడేసుకుంది. నడుం దగ్గర దోపుకుని, మళ్లీ ఏమీ తెలియనట్టు నిలబడింది.

మామ చూశాడు. చూడనట్టు కుట్టు పూర్తిచేసి, చెప్పులు ఆవిడ కాళ్ల ముందు పెట్టాడు. కూలి ఇవ్వబోతే ఆయన దగ్గర తీసుకోలేదు. వాళ్లు సందు దాటేదాకా చూస్తూ కూర్చున్నాడు. ఇద్దరి అడుగుల్లో ఒకరివే వినపడ్డాయి. ఆయనవీ మా చెప్పులే.

మర్నాడు పొద్దున నేను ముఖం కడుక్కుని వచ్చేసరికి అరుగు మీద కొత్త తోలు పరిచి ఉంది. మామ దాని వీపు మీద రంపె ఆనించి కూర్చున్నాడు.

"ఆడ కొలతలెక్కడ పెట్టావు?" అన్నాడు. "ఇటు పడెయ్."

అంతే అన్నాడు. అక్కాతాయి ఆ పూట టీలో అల్లం ఎక్కువేసింది.

సావుకారు దుకాణం లేదు కాబట్టి వారపు సంతలు పట్టుకున్నాం. జ్యేష్ఠం దాకా ఎక్కడ సంత ఉంటే అక్కడికి మూట కట్టుకుని ఎర్రబస్సెక్కేవాళ్లం. మామ పడుచువయసులో మానేసిన పని, మళ్లీ నేలమీద గోనె పరుచుకుని కూర్చోవడం. ఆడ చెప్పులు, మోగే ఆడ చెప్పులు అని కేకెయ్యడానికి ఆయనకి నోరు పెగిలేది కాదు. అందుకని రెండు చేతులూ చెప్పుల్లో దూర్చుకుని, దారిన పోయే ఆడవాళ్ల వైపు కర్రు కర్రుమని వంచి మోగించేవాడు. తలపాగా చుట్టుకున్న ముసలాయన చేతులకి చెప్పులు తొడుక్కుని అలా మోగిస్తుంటే ఆగకుండా ఎవరు పోగలరు? గుంపు కట్టేవాళ్లు. దినకర్ దూరంగా టీ కొట్టు దగ్గర నిలబడి చూసేవాడు. మూడో సంతకో నాలుగో సంతకో తనే వచ్చి చిల్లర లెక్క చూడడం మొదలెట్టాడు. "వహినీ, ఇటు నడిచి చూడండి, ఇక్కడ నేల గట్టిగా ఉంది" అని ఆయన అనడం నా చెవులతో విన్నాను. మొహం నా వైపు తిప్పలేదు. 

మృగశిర దగ్గర పడి, ఆకాశం మబ్బు పట్టిన రోజున శ్రీపత్‌రావు మళ్లీ వచ్చాడు. ఈసారి మజ్జిగ తాగాడు.

"కోపం లేదు దౌలూ. వ్యాపారస్తుణ్ని, తప్పయితే దిద్దుకుంటాను. నా దుకాణానికి వచ్చిన ఆడవాళ్లే అడుగుతున్నారు, మోగేవి ఉన్నాయా అని. అడిగించింది నీ కోడలే, ఒప్పుకుంటాను. కానీ చూడు, ఇంత మోగేవి ఎవరు కొంటారు? తెగించిన వాళ్లే. తక్కినవాళ్లు తొడిగి, నడిచి, భయపడి వదిలేస్తారు. మోత సగం చెయ్. చిన్నగా, ముద్దుగా, కాలి పట్టీల మోతలా ఉండాలి. కుచ్చు మళ్లీ పెట్టు. ఏ మొగుడూ వద్దనడు. వానలన్నాళ్లూ కుట్టు, దీపావళికి మొత్తం నేనే ఎత్తుకుంటాను. నీ మగ సరుకు కూడా."

మాట తీసిపారేసేది కాదు. వానాకాలమంటే చెప్పులవాళ్లకి పస్తుల కాలం. దినకర్ కళ్లల్లో ఆశ కనపడింది. మామ కాసేపు బొటనవేలితో తోలు రాస్తూ కూర్చున్నాడు. తర్వాత నా వైపు చూశాడు. సావుకారు కూడా తప్పనిసరై నన్నే చూడాల్సి వచ్చింది.

నేను కొంగు సర్దుకున్నాను. "ఆ సగం మోత ఎవరికి వినపడుతుంది సావుకార్?"

"ఆమెకి వినపడుతుంది. చాలదా?"

"ఆమె అడుగు ఆమెకి ఇప్పుడూ వినపడుతూనే ఉంది."

శ్రీపత్‌రావు చేతిలో గ్లాసు కింద పెట్టాడు. "ఆడపిల్ల మాటలకేం గాని, నువ్వు చెప్పు దౌలూ."

"విన్నారు కదా" అన్నాడు మామ. "ఆ సరుకు ఆమెది. ఆమె చెప్పిందే ధర, ఆమె చెప్పిందే మోత."

తర్వాత సంగతులు దాచను. వానాకాలం గడ్డుగా గడిచింది. దినకర్ శిరోలీలో ఇనుము పోత పోసే ఫ్యాక్టరీకి కూలికెళ్లాడు. చేతుల మీద నిప్పురవ్వల మచ్చలతో వచ్చేవాడు. సగం మోత చెప్పులు మా వాడలోనే ఇంకొకరు కుట్టిచ్చారు. అవి దీపావళికి బాగానే అమ్ముడుపోయాయి, అబద్ధమెందుకు. శ్రీపత్‌రావు లెక్క తప్పేరకం కాదు. ఆయన లెక్కకి అందనిది ఒక్కటే. పండగ వెళ్లాక ఆ చెప్పులే తొడుక్కుని అమ్మాయిలు మా గుమ్మం ముందుకొచ్చి నిలబడేవాళ్లు. ఇది ఇంకొంచెం గట్టిగా మోగేలా చేస్తారా అని అడిగేవాళ్లు. ఆ ఇంకొంచెం కోసం వచ్చిన వాళ్లతోనే మా ఇల్లు మళ్లీ నిలబడింది.

కానీ నాకు ఆ ఎండాకాలం అంటే, సావుకారు రెండోసారి వచ్చి వెళ్లిపోయిన ఆ సాయంత్రం. గాలి దుమారం లేచింది. ఆరబెట్టిన అట్టలన్నీ లోపలికి చేరేశాం. అత్త దీపం పెట్టింది. మామ నేలమీద కాగితం పరిచి, చెవి మీది పెన్సిల్ తీశాడు.

"సూన్‌బాయీ, కాలు పెట్టు."

నేను గోడకి అతుక్కుపోయాను. కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆయన ముందు నేను తల మీది కొంగు తీసింది లేదు. ఆయన కాళ్లకి నేను మొక్కాలి గాని, మామ కోడలి పాదం ముట్టుకోవడమేమిటి? "వద్దు మామంజీ. అత్తీ తీస్తుంది కొలత."

"ఆమె జడలల్లుతుంది. కొలత నాది." ఆయన కాగితం నా వైపు జరిపాడు. "ఊరందరి పాదాలూ పట్టుకున్నాను. మనింటి ఆడవాళ్ల కాళ్లెంత ఉంటాయో నాకు తెలీదు."

"పెట్టవే" అంది అక్కాతాయి గిన్నెలు సర్దుకుంటూ. "నీదయ్యాక నాది. నా మడమలు పగిలి ఉన్నాయి, ముందే చెబుతున్నా, నవ్వకూడదు."

మూల కూర్చున్న దినకర్ అటు తిరిగి దీపం వత్తి ఎగదోశాడు.

పెట్టాను. మామ ఎడమ చేత్తో నా పాదం కదలకుండా పట్టుకుని, మడమ నుంచి చుట్టూ పెన్సిల్ తిప్పుకొచ్చాడు. చక్కిలిగింతలు పుట్టాయి, ఏడుపూ వచ్చింది. రెండూ ఆపుకున్నాను. బొటనవేలి దగ్గర ఆగి, తల ఎత్తకుండానే అడిగాడు.

"గింజలెన్ని పెట్టమంటావు?"

"ఎన్ని పడితే అన్ని" అన్నాను.